ప్రొబేషన్ అధికారి ఒక్కరు, ఊళ్ళు అనేకం
కామాటిపుర కేసులలో ఇంటి విచారణ నివేదిక ఎందుకు ఆలస్యమవుతుంది?

ముంబై కోర్టు నుంచి గాని, అక్కడి రక్షణ గృహం నుంచి గాని సరిహద్దు గ్రామానికి కాగితం వస్తే అది మరాఠీలో ఉండవచ్చు. నిజామాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ జిల్లాల అంచు గ్రామాలలో మరాఠీ చదవగలిగినవారికి కొదవ లేదు గనుక ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. అయితే అందులో ‘పరివీక్షా అధికారి’ అన్న మాట వచ్చినప్పుడు చదివేవారు సైతం తడబడతారు. పోలీసు అధికారి అని ఒకరు, సర్కారు వకీలు అని మరొకరు అర్థం చెబుతారు. నిజానికి ఆయన రెండూ కాదు. పరివీక్షా అధికారి అంటే ప్రొబేషన్ అధికారి. కేసులో చిక్కిన మనిషి ఇల్లు ఎటువంటిది, తల్లిదండ్రులు ఎటువంటివారు, తిరిగి ఆ ఇంటికి పంపితే మేలా కీడా అన్న విషయాలను విచారించి న్యాయాధికారికి నివేదిక సమర్పించడం ఆయన పని. ఆ నివేదిక చేరేవరకు బిడ్డ ఇంటికి చేరదు. ఆ నివేదిక రాయవలసినవారు చాలినంతమంది లేకపోవడమే ఇక్కడ అసలు చిక్కు.

ఫాక్‌లాండ్ రోడ్డుకు నేటి అధికారిక నామం పఠ్ఠే బాపూరావ్ మార్గ్. తమాషా కళలో పేరుపొందిన మరాఠీ కవి పేరిట ఆ పేరు పెట్టినా, పాత పేరే నేటికీ వ్యవహారంలో ఉంది. ఆ రోడ్డును ఆనుకొని ఉన్నదే కామాటిపుర. 18వ శతాబ్దం చివరినుంచి నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుంచి వలస వెళ్ళి, రాయి మోసి, సున్నం కలిపి, బొంబాయి నగరాన్ని కట్టిన కామాటీల పేరిట ఆ పేట వెలిసింది. తరువాత నేత పనివారు, మిల్లు కార్మికులు, బీడీ పనివారు వచ్చి చేరారు. వ్యభిచార గృహాల పేటగా లోకానికి తెలిసిన ఆ 14 గల్లీలలోనే, వాటితో ఏ సంబంధమూ లేని తెలుగు కుటుంబాలు తరతరాలుగా చాళ్ళలో కాపురం ఉంటున్నాయి. ఒకే చిరునామాకు ఈ రెండు ముఖాలు ఉండటం వల్ల ప్రొబేషన్ అధికారి పని ఇక్కడ మరింత కష్టమైనది, మరింత అవసరమైనది కూడా.

మూడు వారాల గడువు

1956 నాటి వ్యభిచార నిరోధక చట్టానికి 1986లో పెద్ద సవరణ జరిగింది. ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వ్యభిచార గృహం నుంచి పోలీసులు తీసుకువచ్చిన స్త్రీని మేజిస్ట్రేటు ఎదుట హాజరు పరచాలి. ఆమె వయస్సు, పూర్వ వృత్తాంతం, ఆమెను అప్పగించడానికి తల్లిదండ్రులు గాని, సంరక్షకుడు గాని, భర్త గాని తగినవారా కాదా, ఇంటి పరిస్థితులు ఆమెపై ఎటువంటి ప్రభావం చూపగలవు అన్న అంశాలపై ప్రొబేషన్ అధికారి చేత మేజిస్ట్రేటు విచారణ జరిపించాలి. ఆ విచారణ నిమిత్తం ఆమెను రక్షణలో ఉంచవచ్చు గాని, మూడు వారాలకు మించి ఉంచరాదు. విచారణ ముగిసి, ఆమెకు సంరక్షణ అవసరమని తేలితే 1 నుంచి 3 సంవత్సరాల వరకు రక్షణ గృహంలో ఉంచుతూ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఈ నిర్ణయంలో మేజిస్ట్రేటుకు సలహా ఇవ్వడానికి ఐదుగురు పెద్దల బృందాన్ని పిలిపించుకోవచ్చుననీ, వీలైనంతవరకు వారిలో ముగ్గురు స్త్రీలు ఉండాలనీ చట్టం చెబుతోంది.

కాగితం మీద ఇది చక్కటి ఏర్పాటే. కాని మూడు వారాలు అంటే 21 రోజులు. అందులో ఆదివారాలు, సెలవులు పోగా పనిదినాలు పదిహేను, పదహారు. ఒక ఊహాలెక్క వేసి చూస్తే సంగతి బోధపడుతుంది. ఒక రాత్రి ఐదుగురు తెలుగు స్త్రీలను తీసుకువచ్చారనుకుందాం. ఐదుగురివీ ఐదు ఊళ్ళు. ఒక్కొక్కరితో నమ్మకంగా మాట్లాడటానికి సగం రోజు. తొలినాడు ఎవరూ నిజమైన పేరు చెప్పరు. ఊరి పేరు అసలే చెప్పరు. ఆ తరువాత దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణం చేసి బాసరలోనో, నిజామాబాద్‌లోనో దిగి, బస్సు మారి ఊరు చేరి, ఇంటివారితోను, ఇరుగుపొరుగుతోను, బడిలోను విచారించి తిరిగి రావడానికి మూడు రోజులు. నివేదిక రాయడానికి మరో సగం రోజు. మొత్తం మనిషికి నాలుగు రోజులు, ఐదుగురికి ఇరవై రోజులు. గడువులోని పనిదినాలే పదహారు! ఆ అధికారికి అప్పటికే చేతిలో ఉన్న పాత కేసులు, కోర్టు హాజరులు, నెలవారీ లెక్కలు ఇందులో చేర్చనే లేదు.

అందువల్ల ఆచరణలో ఆయన ప్రతి ఊరికీ వెళ్ళడు. ఆ జిల్లాలోని ప్రొబేషన్ అధికారికో, బాలల సంరక్షణ విభాగానికో ఉత్తరం రాస్తాడు. అక్కడి అధికారికీ సొంత పని ఉంటుంది. పైగా ఉత్తరం చేరడంలోనే ఒక మెలిక ఉంది. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ముంబైలో ఉన్న స్త్రీ తనది ఆదిలాబాద్ జిల్లా అని చెబుతుంది, ఎందుకంటే ఆమె ఊరు విడిచిన నాటికి అది ఆదిలాబాదే. ఆ ఊరు నేడు నిర్మల్‌లోనో, ఆసిఫాబాద్‌లోనో ఉంటుంది. తప్పు కార్యాలయానికి వెళ్ళిన ఉత్తరం సరైన బల్లమీదికి చేరేసరికి గడువులో సగం కరిగిపోతుంది.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. 1996 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు ఆదేశాల నేపథ్యంలో కామాటిపుర ప్రాంతంలో పోలీసులు పెద్దయెత్తున దాడులు చేసి నాలుగు వందలకు పైగా బాలికలను, స్త్రీలను తీసుకువచ్చారు. వారిలో నేపాల్ వారు, కర్ణాటక వారు, ఆంధ్రప్రదేశ్ వారు కూడా ఉన్నారు. అంతమందిని ఒకేసారి ఉంచుకోవడానికి ప్రభుత్వ గృహాలు సిద్ధంగా లేవు. అంతమంది ఇళ్ళను ఒకేసారి విచారించడానికి సిబ్బంది అంతకన్నా లేరు. దాడి ఒక రాత్రిలో చేయవచ్చు. విచారణను ఒక రాత్రిలో ముగించడం ఎవరి తరమూ కాదు.

మైనరు బాలికల సంగతి

పద్దెనిమిది సంవత్సరాలు నిండని బాలిక అయితే మార్గం వేరు. 1986 నుంచి కామాటిపురలో పనిచేస్తున్న ప్రేరణ సంస్థ వేసిన పిటిషన్‌పై 2002లో బొంబాయి హైకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో కీలకమైనది. అటువంటి బాలికను నేరస్తురాలిగా చూడరాదనీ, బాలల సంక్షేమ సమితి ఎదుటికి పంపాలనీ, ప్రొబేషన్ అధికారి విచారణ పూర్తి అయిన తరువాతనే, సమితి తగినవారని తేల్చిన తల్లిదండ్రులకు లేదా సంరక్షకులకు మాత్రమే అప్పగించాలనీ కోర్టు నిర్దేశించింది. దాడి జరిగిన మరునాడే ‘మేనమామను’ అనో, ‘పిన్నిని’ అనో చెప్పుకొని వచ్చి బాలికలను విడిపించుకుపోయి, మళ్ళీ అదే గృహంలోనో, పక్క గల్లీలోనో అప్పగించే దళారుల ఆట కట్టించడానికే ఈ జాగ్రత్త.

ప్రస్తుతం అమలులో ఉన్న 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం సాంఘిక విచారణ 15 రోజులలో ముగియాలి, బాలల సంక్షేమ సమితి 4 నెలలలో తుది ఉత్తర్వు ఇవ్వాలి. గడువు తగ్గింది, పని తగ్గలేదు.

ఊరిలో కన్నతల్లి ఉండగా బిడ్డను ఇవ్వడానికి విచారణ ఎందుకని గ్రామాలలో అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అయితే బిడ్డను బొంబాయికి చేర్చినవారు కొన్ని సందర్భాలలో బంధువులే. మన ప్రాంతంలోని జోగిని ఆచారం సంగతి తెలిసినవారికి ఇది వింత కాదు. దానిని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చినా, ఆ ఆచారపు నీడలో పెరిగిన బాలికలు పెద్ద నగరాల దళారులకు సులువుగా చిక్కారు. కనుక ఊరికి వచ్చి చూడకుండా నివేదిక రాయడం ప్రమాదకరం. ఫోనులో మాట్లాడి ముగించవచ్చు గదా అనుకోవచ్చు. ఫోను ఎత్తిన మనిషి పక్కన ఎవరు కూర్చున్నారో ముంబైలో ఉన్న అధికారికి ఎలా తెలుస్తుంది?

మరోవైపు, మేజరు అయిన స్త్రీ విషయంలో రక్షణ పేరిట నిర్బంధం తగదని కోర్టులు చెప్పాయి. 2020 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు, మజ్‌గావ్ మేజిస్ట్రేటు ఉత్తర్వును కొట్టివేసి ముగ్గురు స్త్రీలను విడుదల చేయించింది. ఇష్టానికి విరుద్ధంగా రక్షణ గృహాలలో ఉన్న మేజరు స్త్రీలను గుర్తించి గడువులోగా విడుదల చేసే నిమిత్తం ఆ గృహాలను సర్వే చేయాలని 2022 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఈ సర్వేలు చేయడానికీ సిబ్బంది కావలసిందే.

చాళ్ళలోని కుర్రవాడు

ప్రొబేషన్ అనగానే అసలు గుర్తుకు రావలసింది 1958 నాటి నేరస్తుల ప్రొబేషన్ చట్టం. అంతకు ముందే బొంబాయి రాష్ట్రం 1938లో ఇటువంటి చట్టం చేసుకుంది. తొలిసారి చిన్న నేరం చేసినవానిని జైలుకు పంపక, సత్ప్రవర్తన బాండు మీద విడిచిపెట్టి, అధికారి పర్యవేక్షణలో ఉంచడం దీని సారాంశం. నిందితునికి 21 సంవత్సరాలు నిండకపోతే, యావజ్జీవ శిక్షకు తగిన నేరం కానప్పుడు, ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకొని చూడనిదే జైలుకు పంపరాదని 6వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

ఇక్కడే చిరునామా సమస్య వస్తుంది. ‘ఇంటి పరిసరాలు’ విచారించాలని 14వ సెక్షన్ అంటుంది. కామాటిపుర పదో గల్లీ అని రాసి ఉన్న కాగితం చూసి, అధికారి తన బల్ల దగ్గరే కూర్చొని ‘పరిసరాలు చెడ్డవి’ అని రాస్తే అది అబద్ధం కాదు, నిజమూ కాదు. చాళ్ మెట్లెక్కి చూస్తే తండ్రి నలభై ఏళ్ళుగా కుట్టు మిషను మీద బతుకుతున్నాడని, తల్లి ఇళ్ళలో పాచిపని చేస్తున్నదని, చెల్లెలు మునిసిపల్ బడిలో చదువుతున్నదని తెలుస్తుంది. మెట్లెక్కడానికి తీరిక లేనప్పుడు చిరునామాయే తీర్పు అయి కూర్చుంటుంది. సిబ్బంది కొరత అనేది సర్కారు లోపలి లెక్కల వ్యవహారం మాత్రమే అనుకునేవారు ఈ ఒక్క ఉదాహరణ ఆలోచిస్తే చాలు.

ఇందులో ఒక చిత్రమైన సంగతి కూడా ఉంది. మన దేశంలో సాంఘిక సేవను వృత్తిగా నేర్పిన తొలి విద్యాలయం 1936లో ఇదే పేట పొరుగున, నాగ్‌పాడాలో ప్రారంభమైంది. నేటి టాటా సాంఘిక శాస్త్రాల సంస్థ అదే. ఆ సంస్థ ఆధ్వర్యంలో 1990లో మొదలైన ప్రయాస్ కార్యక్రమం ముంబై జైళ్ళలోని ఖైదీలతో, వారి కుటుంబాలతో పనిచేస్తూ వస్తోంది. సాంఘిక సేవకు చదువు నేర్పిన పొరుగునే ఆ చదువు చదివిన ఉద్యోగులకు కరువు!

పని ఎందుకు పెరిగింది?

ప్రొబేషన్ అధికారి నెత్తిన ఒకదాని తరువాత ఒకటిగా చట్టాలు వచ్చి పడ్డాయి. ప్రొబేషన్ చట్టం, వ్యభిచార నిరోధక చట్టం, బాలల చట్టాలు, 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం అన్నీ ఆయన వంటి అధికారి వైపే చూస్తాయి. కొత్త చట్టం చేసిన ప్రతిసారీ కొత్త కొలువులు మంజూరు కావు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత చిన్న నేరాలకు సామాజిక సేవను శిక్షగా చేర్చింది. మంచి ఆలోచనే, అయితే ఆ సేవ జరిగినదా లేదా అని చూడటానికీ మనిషి కావాలి.

2009లో మొదలైన సమగ్ర బాలల సంరక్షణ పథకం, నేటి మిషన్ వాత్సల్య, జిల్లాకు ఒక న్యాయ-ప్రొబేషన్ అధికారిని ఇచ్చింది. ఇది కొంత ఊరట. కాని ఇవి కాంట్రాక్టు కొలువులు. కేసు తెలిసిన మనిషి మంచి ఉద్యోగం దొరికి వెళ్ళిపోతే, తరువాత వచ్చినవారు దస్త్రం మొదటి పేజీ నుంచి చదువుకోవాలి. విచారణలో పోగుపడిన నమ్మకం దస్త్రంలో ఎక్కడా రాసి ఉండదు.

ఉన్నవారితోనే పని సర్దుకోవడానికి మార్గాలు లేకపోలేదు. వచ్చిన వరుసలో కాక, ఎవరు నిర్బంధంలో ఉన్నారో వారి కేసు ముందు చూడటం మొదటిది. ఇంటి దగ్గరే ఉన్న ప్రొబేషనరు నెలవారీ హాజరు వారం ఆగవచ్చు. రక్షణ గృహంలో ఉన్న స్త్రీ ఆగలేదు. ఒకే దారిలోని ఊళ్ళను ఒకే ప్రయాణంలో చూసి రావడం రెండోది. టైపు పని, ఉత్తరాల పని గుమాస్తాకు అప్పగించి అధికారిని మనుషుల దగ్గరకు పంపడం, తెలుగు తెలిసిన దుబాసీని ముందే ఏర్పాటు చేసుకోవడం కూడా ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అయిన పనులు. దుబాసీ లేక అదే దాడిలో వచ్చిన మరో స్త్రీ చేత మాటలు అడిగిస్తే జరిగే అనర్థం ఇంతా అంతా కాదు. ఆమె గృహ యజమానురాలి మనిషి కావచ్చు.

ప్రొబేషన్ చట్టం 13వ సెక్షన్ మరో తలుపు తెరిచి ఉంచింది. ప్రభుత్వం గుర్తించిన సంఘం సమకూర్చిన వ్యక్తిని కూడా ప్రొబేషన్ అధికారిగా తీసుకోవచ్చు. జపాన్‌లో పర్యవేక్షణ భారమంతా ఇటువంటి వారి మీదనే నడుస్తోంది. అక్కడ జీతం తీసుకునే అధికారులు సుమారు వెయ్యిమంది కాగా, ‘హొగోషి’ అనే స్వచ్ఛంద సేవకులు నలభై వేలకు పైగా ఉన్నారు. దానికీ హద్దులున్నాయి. సేవకులు వృద్ధులైపోతున్నారు, కొత్తవారు రావడం తగ్గింది. 2024 మేలో ఒక సేవకుడు హత్యకు గురికావడంతో వారి భద్రత పెద్ద చర్చ అయింది. ఇంగ్లండులో పరిస్థితి మరో రకం. 2014లో ఈ సేవను రెండు ముక్కలు చేసి ఒక ముక్కను ప్రైవేటుకు ఇచ్చి, 2021లో తిరిగి ప్రభుత్వమే కలుపుకుంది. సిబ్బంది చాలక 2024లో అనేక కేసులలో పర్యవేక్షణను మూడింట రెండు వంతుల కాలానికే ఆపేశారు. 2025లో 1,300 మంది శిక్షణార్థులను తీసుకుంటామని ప్రకటించారు. అంత ధనిక దేశంలోనూ పర్యవేక్షణను కుదించవలసి వచ్చిందంటే కొరత ఎంత లోతైనదో తెలుస్తుంది.

కుటుంబాలు చేయగలిగినది

అధికారుల సంఖ్యను పెంచడం గ్రామస్తుల చేతిలో లేదు. కాని విచారణకు పట్టే రోజులను తగ్గించడం కొంతవరకు వారి చేతిలోనే ఉంది. బిడ్డ పుట్టిన తేదీకి ఆధారంగా బడి నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఆధార్, గ్రామ పంచాయతీ నివాస పత్రం ముందే తీసి ఉంచుకోవాలి. చిరునామా రాసేటప్పుడు కొత్త మండలం, కొత్త జిల్లా పేరు రాసి, పాత జిల్లా పేరు పక్కన చేర్చాలి. పోయిన బిడ్డ గురించి గతంలో ఠాణాలో ఫిర్యాదు ఇచ్చి ఉంటే ఆ నకలు చాలా విలువైనది. బిడ్డ ఎప్పుడు, ఎవరితో వెళ్ళినదో ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. పరువు పోతుందని ‘చుట్టాలింటికి వెళ్ళింది’ అని ఇంటివారు ఒకటి, పొరుగువారు మరొకటి చెబితే అధికారికి అనుమానం వస్తుంది. ఆయన రెండోసారి రావలసి వస్తుంది, ఆ రెండో రాక నెల తరువాత కావచ్చు.

విచారణకు రుసుము లేదు. నివేదిక త్వరగా రాయిస్తానని డబ్బు అడిగే మనిషి ఎవరైనా సరే దళారియే. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. 15100 నంబరుకు ఫోను చేస్తే న్యాయ సేవా సంస్థ మార్గం చూపుతుంది. పిల్లల విషయమైతే 1098. ఎదుటి పక్షం, అంటే గృహ యజమానురాలి పక్షం, వకీలునే మన బిడ్డకూ పెట్టుకోరాదు. 2002 తీర్పులో హైకోర్టు దీనిని ప్రత్యేకంగా కాదన్నది.

కుర్రవాని కేసులో బాండుకు జామీను నిలబడేవారికి గాని, కుర్రవానికి గాని స్థిరనివాసమో, నికరమైన పనో ఉన్నట్లు చూపాలి. ఆ నివాసం ముంబైలోనే ఉండాలని లేదు. బాండు కాలంలో అతడు ఉండబోయే ఊరిలో ఉన్నా చాలును. కనుక ఊరిలోని ఇంటి కాగితాలు పనికివస్తాయి. ప్రొబేషన్ మీద విడుదలైనవానికి శిక్ష పడటం వల్ల చట్టరీత్యా వచ్చే అనర్హత అంటదని 12వ సెక్షన్ చెబుతున్నా, నేరం రుజువైన సంగతి చెరిగిపోదు. ఉద్యోగం ఇచ్చేవారు ప్రవర్తనను చూడవచ్చునని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. ఈ భేదం తెలియక ‘కేసు కొట్టివేశారు’ అని దరఖాస్తులో రాసి చిక్కుల్లో పడకూడదు.

మూడు వారాలు దాటినా నివేదిక రాకపోతే మౌనంగా ఎదురుచూడనవసరం లేదు. న్యాయ సేవా సంస్థ వకీలు ద్వారా అదే మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకొని గడువు సంగతి గుర్తు చేయవచ్చు. రక్షణ గృహంలో ఉంచుతూ తుది ఉత్తర్వు వెలువడితే, దానిపై సెషన్స్ కోర్టులో అప్పీలు చేసుకునే హక్కు 17వ సెక్షన్‌లోనే ఉంది. అప్పీలు వేసేటప్పుడు ఊరి కాగితాలతోపాటు, ఇంటి విచారణకు అధికారి ఏ తేదీన వచ్చారో, అసలు వచ్చారో లేదో తెలుపుతూ సర్పంచి సంతకంతో ఒక పత్రం జతపరచడం మంచిది.